విధి అని చేతులు దులుపుకుందామా?

2014 జూలై 24, గురువారం. రంజాన్ మాసం ఇరవై అయిదవ రోజు. సహరీ ముగించి, ఫజ్ర్ నమాజు చేసి, పిల్లలకు తలదువ్వి బడికి పంపిన ఇళ్ళు కొన్ని. ఆషాఢమాసపు చివరి రోజులు కావడంతో బోనాల సందడి ఇంకా సద్దుమణగని ఇళ్ళు మరికొన్ని. ఇస్లాంపూర్, కిష్టాపూర్, గుండ్రెడ్డిపల్లి వంటి పల్లెల పిల్లలను ఎక్కించుకొని తూప్రాన్‌లోని ప్రైవేటు పాఠశాలకు బయలుదేరిన బస్సు, ఉదయం తొమ్మిది దాటిన కాసేపటికి, మన మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద రైలు పట్టాల మీదికి వచ్చింది. అక్కడ గేటు లేదు, కాపలా మనిషి లేడు. నాందేడ్ నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న ప్యాసింజరు రైలు ఆ బస్సును ఢీకొంది. 15 మందికి పైగా పసిపిల్లలు, వారితోపాటు బస్సు డ్రైవరు, క్లీనరు మరణించారు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. కొత్త రాష్ట్రపు తొలి మహా శోకం మన జిల్లాకే దక్కింది. అయిదు రోజుల తరువాత ఈద్ వచ్చింది. కొత్త బట్టలు కుట్టించి పెట్టుకున్న ఇళ్ళలో ఆ బట్టలు ఏమైపోయాయో అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది?

దశాబ్దం దాటింది. అయినా జూలై వచ్చినప్పుడల్లా మెదక్ పట్టణంలో ఎక్కడో ఒకచోట, మసీదు మెట్ల మీదనో, టీకొట్టు ముందరనో, ఆ ప్రశ్న మళ్ళీ లేస్తూనే ఉంటుంది. పుస్తకాల సంచీలు పట్టాల మీద చెల్లాచెదరైన ఆ పూట దేవుడు ఎక్కడున్నాడు?

ఈ ప్రశ్నకు రెండు సిద్ధమైన సమాధానాలు మన చుట్టూ తిరుగుతుంటాయి. అంతా అల్లాహ్ సంకల్పం, ఎవరి ఆయువు ఎంతవరకో అంతవరకే అన్నది మొదటిది. ఇన్ని పసిప్రాణాలు పోతుంటే చూస్తూ ఊరుకున్నవాడు దేవుడెలా అవుతాడన్నది రెండవది. పైకి ఈ రెండూ పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. కానీ ఆ రెంటిలోనూ మనిషి బాధ్యతకు చోటు లేదు. మొదటిది దేవుణ్ణి అడ్డం పెట్టుకొని మనిషిని తప్పిస్తుంది. రెండవది దేవుణ్ణి నిలదీసే తొందరలో మనిషిని మరిచిపోతుంది. విశ్వాసులమని చెప్పుకునే మనం ఈ రెంటి దగ్గరా ఆగకుండా, కొంచెం నిదానంగా ఆలోచించవలసి ఉంది.

ఎక్కడ వెతకాలి?

హదీసు గ్రంథాలలో సుప్రసిద్ధమైన ఒక ఉపదేశం ఉంది. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి ప్రశ్నిస్తాడు: నేను వ్యాధిగ్రస్తుణ్ణయితే నన్ను చూడటానికి నీవెందుకు రాలేదు? సర్వలోకాల ప్రభువుకు వ్యాధి ఏమిటని దాసుడు విస్తుపోతాడు. ఫలానా మనిషి మంచాన పడితే నీవు పరామర్శించలేదు, వెళ్ళి ఉంటే నన్ను అతని వద్దనే కనుగొని ఉండేవాడివని జవాబు వస్తుంది. ఆకలిగొన్నవాని గురించి, దాహంతో ఉన్నవాని గురించి కూడా ఇలాంటి ప్రశ్నలే అదే ఉపదేశంలో వస్తాయి. దైవాన్ని వెతకవలసిన చిరునామాను ఇంత సూటిగా చెప్పిన మాట మరొకటి దొరకడం కష్టం. బాధపడేవాని పక్కన.

ఆ చిరునామా పట్టుకొని మాసాయిపేటకు వెళ్ళి చూద్దాం. ఆ ఉదయం పట్టాల దగ్గరికి మొదట చేరినవారు ఎవరు? అధికార వాహనాలు రాకముందే చుట్టుపక్కల పొలాల నుంచి, ఇళ్ళ నుంచి పరుగెత్తుకొచ్చిన గ్రామస్థులు. చేతులతో ఇనుపరేకులు వంచి పిల్లలను బయటికి తీసినవారు. రక్తంలో తడిసిన యూనిఫారం మీద ఏ మతం రాసి ఉంటుంది? ఎత్తుకున్న చేతులకు ఆ ప్రశ్నే తట్టలేదు. గాయపడిన పిల్లలను సికింద్రాబాద్ ఆసుపత్రికి తరలించాక అక్కడి వరండాలలో బురఖా వేసుకున్న తల్లి, బొట్టు పెట్టుకున్న తల్లి ఒకే గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఆ దారిన పోతూ ఆగినవాళ్ళు, నీళ్ళు అందించినవాళ్ళు, ముక్కూమొహం తెలియని పిల్లవాడి తల ఒడిలో పెట్టుకున్నవాళ్ళు, వీరంతా ఆ పూట దైవసాన్నిధ్యంలోనే ఉన్నారు. వారికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. తెలియవలసిన అవసరం కూడా లేదు.

కాబట్టి దేవుడు ఎక్కడున్నాడన్న ప్రశ్న నిజానికి మన వైపే తిరుగుతుంది. ఆయన ఉన్న చోటికి మనం వెళ్ళామా? వెళ్ళి ఎంతసేపు ఉన్నాం?

ఒకే మాట, రెండు నోళ్ళు

బిడ్డను మట్టిలో కలిపి వచ్చిన తల్లి, అల్లాహ్ ఇచ్చాడు, అల్లాహ్ తీసుకున్నాడు అంటుంది. ఆ మాట ముందు మనం తలవంచాలి. అది ఆమె ఆరాధన. విరిగిన గుండెతో ఆమె తన ప్రభువుతో చేసుకుంటున్న సంభాషణ. దానిలోకి దూరి వాదించే హక్కు ఏ వ్యాసకర్తకూ లేదు.

అదే మాటను గేటు పెట్టవలసిన అధికారి అంటే? బస్సును నడిపించే యాజమాన్యం అంటే? ఓట్లడిగి గెలిచిన నాయకుడు పరామర్శకు వచ్చి, కెమెరా ముందు నిలబడి అంటే? అక్షరాలు అవే అయినా అర్థం పూర్తిగా మారిపోతుంది. తల్లి నోట సమర్పణగా పలికిన మాట బాధ్యుని నోట తప్పించుకునే ఉపాయమవుతుంది. తాను చేయని పనిని దేవుని ఖాతాలో రాయడమవుతుంది. మన ఉలమాలు, ఖతీబులు, పెద్దలు ఈ తేడాను ప్రజలకు విడమరిచి చెప్పవలసిన అవసరం ఎంతో ఉంది.

సబ్ర్ అనే పదానికి మనం ఇచ్చుకున్న ఇరుకు అర్థం కూడా ఇక్కడ పరిశీలించుకోవాలి. ఓర్పు అంటే నోరు మూసుకోవడమని, కన్నీరు పెట్టకపోవడమని చాలామంది అనుకుంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తన పసికందు ఇబ్రాహీం తుదిశ్వాస విడుస్తుంటే చేతుల్లోకి తీసుకొని కన్నీరు పెట్టుకున్నారు. పక్కనున్న సహచరుడు ఆశ్చర్యపోతే, ఇది కారుణ్యమని చెప్పారు. అదే రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుడు మరణించినందువల్లనే సూర్యుడు మసకబారాడని జనం చెప్పుకోసాగారు. ఆ మాటను ఆయన వెంటనే ఖండించారు. సూర్యచంద్రులు దైవసూచనలే గాని, ఎవరి చావు కోసమో, ఎవరి పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదన్నారు. తన ఇంటి దుఃఖం పతాకస్థాయిలో ఉన్న వేళ కూడా, ప్రకృతి నియమాన్ని ప్రకృతి నియమంగానే చూడమన్నారు. ఏడవడం విశ్వాసానికి లోటు కాదని, కారణాలను కారణాలుగా గుర్తించడం కూడా లోటు కాదని ఆ ఒక్క రోజు మనకు బోధిస్తుంది.

గేటు పెట్టగానే ఆగిన చావు

ఇప్పుడు మాసాయిపేట కారణాలను చూద్దాం. 2014 నాటికి దేశంలో కాపలా లేని రైల్వే క్రాసింగులు 11 వేలకు పైగా ఉండేవి. అవి ప్రమాదకరమని ఎవరికీ తెలియక కాదు. అంతకు రెండేళ్ళ ముందే, 2012 ఫిబ్రవరిలో, అణుశాస్త్రవేత్త అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన రైల్వే భద్రతా సమీక్షా సంఘం తన నివేదికను సమర్పించింది. అయిదేళ్ళలో లెవెల్ క్రాసింగులన్నింటినీ తొలగించాలని, అందుకు సుమారు 50 వేల కోట్ల రూపాయలు వెచ్చించాలని సిఫారసు చేసింది. డబ్బు, సమయం, పద్ధతి, అన్నీ కాగితం మీద ఉన్నాయి. మాసాయిపేట పిల్లలు అప్పటికి బతికే ఉన్నారు.

ప్రమాదం జరిగాక చర్చ అంతా డ్రైవరు చుట్టూ తిరిగింది. మరణించినవాడు తిరిగి జవాబు చెప్పలేడు కనుక అతని మీద నెపం వేయడం సులభం. అతని పొరపాటు ఉండవచ్చు. కానీ ఒక మనిషి ఒక్క క్షణం పొరబడితే అన్ని ప్రాణాలు పోయేలా ఆ దారిని వదిలేసిన వ్యవస్థ సంగతి ఏమిటి? మనిషి పొరబడతాడని తెలుసు కనుకనే గేటు అనేది పుట్టింది.

మాసాయిపేట తరువాత కూడా మేలుకోవడానికి ఏళ్ళు పట్టింది. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో సరిగ్గా ఇలాంటి క్రాసింగు వద్దనే స్కూలు వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాత పని పరుగందుకుంది. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాలన్నింటిలోనూ కాపలా లేని క్రాసింగులను తొలగించినట్లు రైల్వేశాఖ ప్రకటించింది. కొన్నింటిని మూసివేశారు, కొన్నిచోట్ల కాపలా మనుషులను నియమించారు, కొన్నిచోట్ల కింది నుంచి దారులు తవ్వారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. గేటు పెట్టి, మనిషిని నిలబెట్టగానే ఆగిపోయిన చావును మనం అన్నేళ్ళు విధి అని పిలిచాం. అది నిజంగా విధి మాత్రమే అయి ఉంటే ఇనుప కడ్డీ ఒకటి దాన్ని ఎలా ఆపగలిగింది? తఖ్దీర్ మీద విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. అందులో సందేహం లేదు. అయితే ఆ విశ్వాసాన్ని మన పూర్వికులు ఎలా అర్థం చేసుకున్నారో చూడండి.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా సిరియాకు ప్రయాణమై, సర్గ్ అనే చోటికి చేరుకునేసరికి ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని కబురు అందింది. సలహా సంప్రదింపులు జరిపి, వెనుదిరగాలని ఆయన నిర్ణయించారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపే వెళ్తున్నామన్న భావంతో ఉమర్ (రజి) జవాబిచ్చారు. ఒంటెలను మేపేవాడికి ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు కనిపిస్తే పచ్చిక వైపు తోలుకుపోవడం కూడా దైవనిర్ణయంలోనిదే కదా అని ఉపమానం చెప్పారు. ప్లేగు దైవనిర్ణయమైతే ప్లేగు నుంచి జనాన్ని కాపాడుకునే బుద్ధి కూడా ఆయన ఇచ్చినదే. రైలు వేగం ఆయన సృష్టి నియమాలకు లోబడినదైతే, గేటు పెట్టే చేయి కూడా ఆయన ఇచ్చినదే. ఒంటెను కట్టివేసి ఆ తరువాత దైవంపై భారం వేయమన్న ప్రవక్త (స) ఉపదేశం మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కట్టవలసిన తాడు కట్టకుండా, పోయిన ఒంటెను దైవం లెక్కలో రాయడం తవక్కుల్ కాదు, దైవం మీద నింద.

ఎక్కడో ఇరాక్ దారిలో ఒక పశువు కాలు జారి పడినా, ఆ దారిని ఎందుకు బాగు చేయించలేదని అల్లాహ్ తనను అడుగుతాడేమోనని ఉమర్ (రజి) భయపడేవారని మనం జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు వింటాం. విని, తలలూపి ఇంటికి వస్తాం. పశువు కాలు జారినందుకే అంత భయపడిన పాలకుణ్ణి ఆదర్శంగా చెప్పుకునే సమాజం, పిల్లల బస్సు దాటే దారికి గేటు లేదని ఎన్ని దరఖాస్తులు రాసింది?

శోకం సాక్ష్యంగా మారాలి

కలిసి శోకించడం తెలంగాణ పల్లెకు ఎవరూ నేర్పనక్కరలేదు. మొహర్రం మాసంలో పీర్లను ఎత్తుకునే చేతులలో హిందువుల చేతులు ఎన్నో ఉంటాయి. ముస్లిం ఇళ్ళు ఒకటీ అరా కూడా లేని ఊళ్ళలో సైతం పీర్ల చావిడి ఉంటుంది, గుండం చుట్టూ అలాయి ఆట ఉంటుంది. క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో ఇమామ్ హుసైన్ (రజి) పరివారం దాహంతో నేలకొరిగితే, ఇన్ని శతాబ్దాల తరువాత, ఇన్ని వేల మైళ్ళ దూరంలో, మన మెదక్ పల్లెల్లో నీళ్ళకుండలు, షర్బతు పంచుతారు. ఆచారాల మీద ధార్మిక పండితులకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఆ చర్చ వేరు. పరాయి బిడ్డ దాహాన్ని తన దాహంగా తలచుకోవడం ఈ నేలకు తెలుసునన్నది మాత్రం కాదనలేని నిజం.

కర్బలా మనకు మరొకటి కూడా చెబుతుంది. యుద్ధం ముగిశాక మిగిలిన కథ అంతా హజ్రత్ జైనబ్ (రజి) కథ. అన్నను, కన్నబిడ్డలను పోగొట్టుకొని, బందీగా దమస్కు దర్బారుకు చేరిన ఆమె, సింహాసనం మీద కూర్చున్నవాని ఎదుట నిలబడి జరిగిన అన్యాయాన్ని చెప్పారు. విషాదం తరువాతి దైవసాన్నిధ్యం ఎలా ఉంటుందో చూడాలనుకుంటే ఆ దృశ్యాన్ని చూడాలి. దుఃఖం ఆమె గొంతును మూయలేదు. ఆమె నోరు విప్పకపోతే కర్బలా ఒక సైనిక చర్యగా చరిత్ర పుటల్లో ఒక మూల మిగిలిపోయేది.

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 135వ ఆయతు, విశ్వాసులు న్యాయం పక్షాన గట్టిగా నిలబడి, అల్లాహ్ కోసం సాక్షులు కావాలని ఆదేశిస్తుంది. ఆ సాక్ష్యం మనకు గాని, మన తల్లిదండ్రులకు గాని, బంధువులకు గాని వ్యతిరేకమైనా సరే వెనుకాడవద్దంటుంది. సాక్ష్యం ఆరాధనే. జనాజా నమాజు ముగిసిన తరువాత మిగిలి ఉండే ఆరాధన అది.

మన పట్టణంలోనే మరో గేటు లేని దారి

ఇంతవరకు చెప్పినదానికి అసలైన పరీక్ష 2023లో మన పట్టణంలోనే ఎదురైంది. మెదక్‌కు చెందిన ముప్పై అయిదేళ్ళ కూలీని, గొలుసు దొంగతనం కేసులో సీసీటీవీలో కనిపించిన వ్యక్తి పోలికలు ఉన్నాయన్న అనుమానంతో జనవరి చివరలో హైదరాబాద్‌లో పోలీసులు అదుపులోకి తీసుకొని మెదక్‌కు తెచ్చారు. చిత్రహింసలు పెట్టారన్నది ఆయన కుటుంబం ఆరోపణ. తనకేం జరిగిందో ఆసుపత్రి మంచం మీది నుంచి ఆయన చెప్పిన మాటలు వీడియోగా బయటికి వచ్చాయి. ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఆయన ప్రాణం పోయింది. కొందరు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. రాష్ట్ర హైకోర్టు ఆ ఉదంతాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

దోషులెవరో తేల్చవలసినది న్యాయస్థానమే. మన ప్రశ్న అంతకంటే ముందుది. లాకప్పు అనేది కూడా ఒక క్రాసింగే. రాజ్యపు బలం పూర్తి వేగంతో వచ్చే దారిని ఒంటరి మనిషి అడ్డంగా దాటవలసిన చోటు అది. అక్కడ గేటు ఉండాలని చట్టం ఎప్పుడో చెప్పింది. అరెస్టయిన వ్యక్తిని 24 గంటలలోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు అరెస్టు పత్రం రాయాలని, దానిపై సాక్షి సంతకం ఉండాలని, బంధువులకు తెలియజేయాలని, కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు వైద్యపరీక్ష జరిపించాలని నిర్దేశించింది. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో అదే కోర్టు ఆదేశించింది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి రూపొందించిన ఒడంబడికపై భారతదేశం 1997లో సంతకం చేసింది గాని, నేటివరకు దాన్ని ఆమోదించలేదు. గేటు కాగితం మీద ఉంది. కాపలా మనిషే లేడు.

ఆ మరణం తరువాత కూడా, అతని ఆయువు అంతే అన్న మాట వినిపించింది. మాసాయిపేటలో ఆ మాట ఎంత తప్పో ఇక్కడా అంతే తప్పు. కానీ ఈసారి తేడా మరొకటి ఉంది. 2014లో జిల్లా యావత్తూ ఒక్కటిగా ఏడ్చింది. 2023లో ఆ ఇంటి ముందు నిలబడినవారిలో ఎక్కువమంది ముస్లింలే. పసిపిల్లల మరణం అందరి శోకమైంది. పేద ముస్లిం కూలీ మరణం మైనారిటీల సమస్యగా మిగిలింది. దేశ జనాభాలో ముస్లింల వాటా 14 శాతం కాగా, విచారణ ఖైదీలలో వారి వాటా అంతకంటే ఎక్కువని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చూపుతూనే ఉన్నాయి. దళితుల, ఆదివాసుల పరిస్థితీ అదే. పేదరికం, అనుమానం ఒకచోట కలిసే ఆ దారిలో ఎవరు ఎక్కువగా నడుస్తున్నారో ఆ లెక్కలే చెబుతున్నాయి.

తప్పు పరాయివారిదేనని ఊరుకుంటే నిసా సూరా హెచ్చరికను మనం విననట్లే. మనల్ని మనం కూడా అడగాలి. 2021 జూన్‌లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో దొంగతనం అనుమానంతోనే నిర్బంధించిన దళిత మహిళ మరణించినప్పుడు మన సంస్థలలో ఎన్ని స్పందించాయి? మన మసీదులలో ఎన్నింటిలో ఆమె పేరు వినిపించింది? మన శోకానికి ఇతరులు రాలేదని బాధపడే హక్కు, ఇతరుల శోకానికి వెళ్ళినవారికే పూర్తిగా ఉంటుంది. మరీ బాధాకరమైనదేమంటే, మన పట్టణంలోని మరణం విషయంలో మనవారే కొందరు, అతను నిజంగా దొంగతనం చేశాడా లేదా అని ముందుగా అడిగారు. దొంగతనం చేసినవాడైనా సరే, అతన్ని శిక్షించడానికి న్యాయస్థానం ఉంది. చంపే అధికారం ఏ గదికీ లేదు.

2024 జూన్ 15న, బక్రీద్‌కు రెండు రోజుల ముందు, పశువుల విషయమై మన పట్టణంలో రేగిన ఘర్షణ కూడా మరువలేనిది. గాయపడినవారిని చేర్చిన ఆసుపత్రి మీద సైతం దాడి జరిగింది. పట్టణంలో 144వ సెక్షను విధించారు. పదేళ్ళ క్రితం ఒకే ఆసుపత్రి గోడకు ఆనుకొని ఏడ్చిన జిల్లా ఇది. వ్యాధిగ్రస్తుని మంచం పక్కన దేవుడు ఉంటాడని నమ్మేవారికి, ఆసుపత్రి మీద పడిన రాయి ఎవరి మీద పడినట్లు?

ఆకలికి కూలి ఇచ్చి కట్టిన గోడలు

మెదక్ పట్టణంలో ఎటు నిలబడి చూసినా కనిపించే చర్చి గోపురం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం, కరవు కమ్ముకున్న కాలంలో, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మతబోధకుడు ఆకలితో అలమటిస్తున్న జనానికి కూలీ చూపించి ఆ కట్టడాన్ని కట్టించారు. 1924 డిసెంబరు 25న అది ప్రారంభమైంది. ఆ రాళ్ళు మోసినవారు అన్ని కులాల, అన్ని మతాల పేదలు. ఆ విశ్వాసం మనది కాకపోవచ్చు. కానీ విపత్తు వేళ దేవుని పేరుతో చేయవలసిన మొదటి పని ఏమిటో ఆ పునాదులకు తెలుసు. కరవును విధి అని చెప్పి ప్రార్థనతో సరిపెట్టలేదు. పొయ్యి వెలిగేలా పని చూపారు.

మనం చేయగలిగిన పనులూ అలాంటివే, చిన్నవే. ప్రతి మహల్లాలో న్యాయవాది ఫోన్ నంబరు, అరెస్టు వేళ పాటించవలసిన నియమాలు తెలుగులోను, ఉర్దూలోను మసీదు నోటీసు బోర్డు మీద ఉండాలి. ఎవరినైనా పోలీసులు తీసుకువెళ్తే, ఏ సమయాన, ఎక్కడి నుంచి, ఎవరు తీసుకువెళ్ళారో వెంటనే రాసిపెట్టే బాధ్యతను కమిటీలో ఒకరు తీసుకోవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పేదలకు ఉచిత న్యాయసహాయం దొరుకుతుందన్న సంగతి ఇంటింటికీ తెలియాలి. మన పిల్లలు ఎక్కే బడి బస్సుకు ఫిట్‌నెస్ ధ్రువపత్రం ఉందో లేదో, డ్రైవరుకు లైసెన్సు ఉందో లేదో తల్లిదండ్రులే ఏటా అడగాలి. ఊరి చెరువుకట్టకు, విద్యుత్ తీగలకు, రోడ్డు మలుపుకు సంబంధించిన దరఖాస్తులు మసీదు, గుడి, చర్చి పెద్దల ఉమ్మడి సంతకాలతో కలెక్టరేటుకు చేరాలి. అలాంటి దరఖాస్తు కూడా దుఆయే.

అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి. విషాదం జరిగిన మూడవ రోజు వరకు అందరూ వస్తారు. నలభయ్యవ రోజు తరువాత ఎవరూ రారు. పరిహారం చెక్కు ఇచ్చిన ఫోటో తరువాత కెమెరాలూ రావు. తండ్రిని కోల్పోయిన పిల్లల ఫీజు, కొడుకును కోల్పోయిన ముసలివారి మందుల చీటీ, కోర్టు వాయిదా తేదీలు, ఇవన్నీ ఆ తరువాతే మొదలవుతాయి. మన బైతుల్‌మాల్ లెక్కలలో, మన జకాత్ పంపిణీలో ఆ తరువాతి సంవత్సరాలకు చోటు ఉండాలి.

ఇంతా చెప్పి, మొదటి ప్రశ్నకు జవాబు దొరికిందని నేను అనను. ఆ పసిపిల్లలనే ఎందుకు అన్న ప్రశ్నకు ఏ తల్లికీ ఈ లోకంలో పూర్తి సమాధానం అందదు. దాన్ని అందిస్తానని ముందుకొచ్చే వక్తను నమ్మనక్కరలేదు. అల్లాహ్ మన కంఠనాళం కంటే మనకు దగ్గరగా ఉన్నాడని విశ్వసించేవారం మనం. అంత దగ్గరగా ఉన్నవాడు ఆ తల్లి మౌనాన్ని కూడా వింటాడు. మన వంతు అంతకంటే చిన్నది, స్పష్టమైనది. మాసాయిపేట మీదుగా వెళ్ళేటప్పుడు రైలు కిటికీలోంచి ఆ దారి కనిపిస్తుంది. ఆ పిల్లల కోసం ఒక ఫాతిహా చదువుకుందాం. చదివాక, మన ఊళ్ళో ఇంకా గేటు లేని దారి ఏదో ఒకసారి గుర్తు చేసుకుందాం.